పెరటి కొలనులో నీళ్లు పచ్చబడితే

కొలను కట్టి నీళ్లు నింపిన రెండు మూడు వారాలకు నీళ్లు పచ్చగా మారతాయి. దాదాపు అన్ని కొత్త కొలనుల్లోనూ ఇదే జరుగుతుంది. అప్పుడు చాలామంది నీళ్లన్నీ తోడేసి, అడుగు రుద్ది కడిగి, మళ్లీ నింపుతారు. దయచేసి ఆ పని చేయకండి. కడిగిన ప్రతిసారీ లెక్క మొదటికి వస్తుంది, మళ్లీ రెండు వారాల్లో అదే పచ్చదనం.

ఆ రంగు నీళ్లలో తేలే సూక్ష్మమైన నాచుది. ఎండ, కరిగిన నత్రజని, భాస్వరం దొరికితే అది పెరుగుతుంది. చేపల విసర్జన, మిగిలిపోయిన మేత, కుళ్లిన ఆకులు దానికి ఎరువు. కాబట్టి చేయాల్సింది రెండే: ఆ ఎరువును వేరే ఎవరైనా తినేలా చూడాలి, ఎండను కొంత ఆపాలి.

ముందు ఎరువు సంగతి. చేపలు వదిలే అమ్మోనియాను ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్‌గా మారుస్తుంది, ఇంకో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. అమ్మోనియా, నైట్రైట్ రెండూ చేపలకు విషమే. నైట్రేట్‌తో అంత ప్రమాదం లేదు, దాన్ని మొక్కలు పీల్చుకుంటాయి. ఈ బ్యాక్టీరియా నీళ్లలో తేలుతూ ఉండదు. రాళ్ల మీద, కొలను గోడల మీద, ఫిల్టర్ స్పాంజి లోపల జిగట పొరలా అంటిపెట్టుకుని ఉంటుంది. అది తగినంతగా పెరగడానికి మామూలుగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. అందుకే మొదట్లో రెండు మూడు చిన్న చేపలే వేయండి. టెస్ట్ కిట్‌తో వారానికి రెండుసార్లు చూస్తూ, అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వచ్చాకే మిగతావి వేయండి.

అమ్మోనియా ఎంత ప్రమాదమన్నది పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణాల కొలత) మీద ఆధారపడుతుంది. 25 డిగ్రీల నీళ్లలో పీహెచ్ 7 ఉంటే మొత్తం అమ్మోనియాలో విషరూపంలో ఉండేది ఒక శాతం లోపే. పీహెచ్ 8 దగ్గర అది 5 శాతం అవుతుంది, 9 దగ్గర మూడో వంతు దాటుతుంది. పచ్చటి నీళ్లలో నాచు పగలంతా కార్బన్ డయాక్సైడ్‌ను లాగేసుకోవడం వల్ల సాయంత్రానికి పీహెచ్ బాగా పెరుగుతుంది. పొద్దున పరీక్షలో అంతా బాగుందని వచ్చినా సాయంత్రం చేపలు డీలాపడటానికి కారణం ఇదే. రెండు పూటలా కొలిచి చూడండి.

ఫిల్టర్ కొనక్కర్లేదు. వెయ్యి లీటర్ల కొలనుకు, చేపలు కొద్దిగా ఉంటే, 60 లీటర్ల మూత ఉన్న ప్లాస్టిక్ డ్రమ్ము చాలు. పంపు నుంచి వచ్చే నీళ్లను డ్రమ్ము అడుగున వదలండి. పైకి వస్తున్న క్రమంలో నీళ్లు ముందు గరుకు స్పాంజి, తర్వాత మెత్తటి స్పాంజి, ఆ పైన లావా రాళ్లో గిన్నెలు తోమే ప్లాస్టిక్ పీచులో దాటి వెళ్లాలి. స్టీలు పీచు వద్దు, సబ్బు అద్దిన స్క్రబ్బర్లు అసలే వద్దు. బయటికి వెళ్లే గొట్టాన్ని డ్రమ్ము అంచుకు 8–10 సెంటీమీటర్ల కింద బిగించండి. ఇక్కడే ఎక్కువమంది తప్పు చేస్తారు: లోపలికి 20 మిల్లీమీటర్ల గొట్టం పెట్టి, బయటికీ అదే సైజు పెడతారు. లోపలికి పంపు తోస్తోంది, బయటికి మాత్రం నీళ్లు తమ బరువుతోనే పోవాలి. అందుకే బయటి గొట్టం 40 నుంచి 50 మిల్లీమీటర్లు ఉండాలి. లేకపోతే స్పాంజి కాస్త మూసుకోగానే డ్రమ్ము పొర్లి, తెల్లారేసరికి కొలను ఖాళీ అవుతుంది. ఆ భయం లేకుండా పంపును అడుగున కాకుండా 15–20 సెంటీమీటర్ల ఎత్తున ఇటుకల మీద పెట్టండి. గొట్టం ఊడినా చేపలకు ఆ మేరకు నీళ్లు మిగులుతాయి.

పంపు రెండు గంటలకోసారి కొలను నీళ్లన్నిటినీ తిప్పగలగాలి. వెయ్యి లీటర్లకు గంటకు 500 లీటర్లన్న మాట. అట్టపెట్టె మీద రాసే లెక్క ఎత్తు లేకుండా తోసినప్పటిది. నీటి మట్టం నుంచి డ్రమ్ములోకి ఎంత ఎత్తు ఎక్కాలో కొలిచి, ఆ ఎత్తులో ఎంత తోస్తుందో పట్టికలో చూసి కొనండి. రాత్రి పూట పంపు ఆపకండి. నీళ్లు కదలకపోతే ఫిల్టర్‌లో ఆక్సిజన్ అయిపోయి కొన్ని గంటల్లోనే బ్యాక్టీరియా చావడం మొదలవుతుంది. స్పాంజిని కొలను నీళ్లు పట్టిన బకెట్‌లోనే పిండండి, కుళాయి కింద పెడితే క్లోరిన్ ఆ పొరనంతా చంపేస్తుంది. ఆ బకెట్ నీళ్లు మొక్కలకు మంచి ఎరువు. పంపు వైరు 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చి) గుండానే రావాలి, ఇందులో రాజీ లేదు.

ఎండ సంగతికొస్తే, నీటి ఉపరితలంలో సగం నుంచి అరవై శాతం దాకా ఆకులతో కప్పి ఉంచాలి. దానికి కలువను మించింది లేదు. రోజుకు ఐదారు గంటల ఎండ తగిలితే పూలు కూడా బాగా వస్తాయి. వెడల్పాటి కుండీలో బరువైన బంకమట్టి నింపండి. కంపోస్టు, కోకోపీట్ కలపకండి: అవి తేలతాయి, కుళ్లి నీళ్లలోకి ఎరువు వదులుతాయి. దుంపను పడుకున్నట్టు నాటి, చిగురు మట్టిపైకి కనిపించేలా ఉంచి, పైన రెండు సెంటీమీటర్ల మందాన గులకరాళ్లు పరవండి. మొదట ఇటుకల మీద పెట్టి 15 సెంటీమీటర్ల నీళ్లలో ఉంచి, ఆకులు పైకొస్తున్నకొద్దీ కుండీని దించుకుంటూ పోవాలి. ఫౌంటెన్ చుక్కలు ఆకుల మీద పడితే కలువ కృశిస్తుంది. మునిగి పెరిగే హార్న్‌వర్ట్ కూడా వేయండి, నీళ్లలోని నైట్రేట్‌ను అది నేరుగా లాగుతుంది. గుర్రపుడెక్క ఈ పనిలో ఇంకా వేగం. కానీ ఒక్క మొక్క తప్పించుకున్నా చెరువునంతా మూసేస్తుంది, చాలా దేశాల్లో దానిపై నిషేధం ఉంది. తీసేసిన నాచును, మొక్కలను కాలవల్లో వేయకుండా ఎండబెట్టి కంపోస్టులో కలపండి.

నాచును చంపే మందుల జోలికి వెళ్లవద్దు. నాచంతా ఒక్కసారి చచ్చి కుళ్లితే ఆక్సిజన్ పడిపోయి చేపలు పోతాయి. రాగి ఉన్న మందులైతే నత్తలను నేరుగా చంపుతాయి. యూవీ దీపం మాత్రం తేలే నాచు మీద నిజంగా పనిచేస్తుంది, దారపు నాచును అదేమీ చేయలేదు. దాన్ని గరుకు కర్రకు చుట్టి లాగేయడమే మార్గం. యూవీ గొట్టం నీలంగా వెలుగుతున్నా ఏడాదికల్లా దాని బలం తగ్గిపోతుంది, మార్చాలి.

చేపలకు రెండు మూడు నిమిషాల్లో తినగలిగినంత మేతే వేయండి. గోల్డ్‌ఫిష్ ఒక్కోదానికి కనీసం 75 లీటర్లు లెక్కేసుకోండి, కోయికి మాత్రం వేల లీటర్ల కొలను కావాలి. తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే ఆక్సిజన్ చాలడం లేదని అర్థం. రాత్రి మొక్కలూ నాచూ కూడా ఆక్సిజన్‌నే వాడుకుంటాయి. పైగా 20 డిగ్రీల నీళ్లలో లీటరుకు 9 మిల్లీగ్రాముల దాకా కరిగేది 30 డిగ్రీలకు వచ్చేసరికి ఏడున్నరకు పడిపోతుంది. వేసవిలో పంపు నీళ్లు కాస్త ఎత్తు నుంచి పడేలా చేయండి.

దోమల గురించి భయపడక్కర్లేదు, చేపలున్న కొలనులో లార్వాలు మిగలవు. చేపలు లేకపోతే బీటీఐ అనే బ్యాక్టీరియాతో చేసిన బిళ్లలు వేయండి. అవి లార్వాలనే చంపుతాయి, కప్పలకు హాని లేదు.

నీటి మట్టం తగ్గుతుంటే కొలను కారుతోందని తవ్వడానికి ముందు ఒక పరీక్ష చేయండి. ఒక బకెట్‌లో కొలను నీళ్లు నింపి, అది సగానికి పైగా మునిగేలా కొలను మెట్టు మీద నిలబెట్టండి. పంపు ఆపకుండా, బకెట్ లోపల ఒక గీత, కొలను గోడ మీద ఒక గీత పెట్టి 24 గంటలు ఆగండి. రెండూ సమానంగా తగ్గితే అది ఆవిరే. కొలను ఎక్కువ తగ్గితే ఇంకో రోజు, అవసరమైన కొద్ది గంటలే పంపు ఆపి మళ్లీ చూడండి. అప్పుడు తగ్గకపోతే లోపం గొట్టాల్లోనో డ్రమ్ములోనో ఉంది. అప్పటికీ తగ్గుతుంటే నీళ్లు ఎక్కడ ఆగుతాయో అక్కడిదాకా వదిలేయండి, చిల్లు ఆ గీత దగ్గరే దొరుకుతుంది. మళ్లీ నింపేటప్పుడు ఒక్కసారే కాకుండా, క్లోరిన్ పోయేలా ఒకటి రెండు రోజులు నిలవ ఉంచిన నీళ్లను రోజుకు పదో వంతు చొప్పున పోయండి. మీ కుళాయి నీళ్లలో క్లోరమైన్ (క్లోరిన్, అమ్మోనియా కలిసిన మందు) కలుపుతుంటే నిలవ ఉంచినంత మాత్రాన పోదు, సోడియం థయోసల్ఫేట్ వేయాల్సిందే.