హైదరాబాద్ పేరున్న టియారా, మిగిలిన మూడు గులాబీలు

నిన్న రాత్రి ఫోన్‌లో ఏవో పాత ఫొటోలు చూస్తుంటే క్వీన్ ఎలిజబెత్ కోటు మీద ఒక వజ్రాల గులాబీ బ్రోచ్ (బట్టకి గుచ్చుకునే నగ) కనిపించింది, కింద పేరు చూస్తే నిజాం ఆఫ్ హైదరాబాద్ రోజ్ బ్రోచ్ అని ఉంది. ఇంక నిద్ర పడితే ఒట్టు. మన ఊరి పేరున్న నగ లండన్‌లో ఉండటం, అదీ ముక్కలైపోయిన ఒక టియారాలో మిగిలిన భాగం కావడం, దీని గురించి రాయకుండా ఉండలేకపోతున్నా.

ముందు టియారా అంటే కిరీటం కాదండి. కిరీటం తల చుట్టూ పూర్తిగా ఉంటుంది, పట్టాభిషేకం లాంటి వాటికే బయటికి తీస్తారు. టియారా తల ముందు భాగంలో అర్ధచంద్రాకారంలో కూర్చుంటుంది, పెళ్లిళ్లకి, పెద్ద పెద్ద విందులకి పెట్టుకుంటారు. మన దగ్గర దానికి దగ్గరగా వచ్చేది రాజుల తలపాగా మీద పెట్టే సర్పేచ్, కలికితురాయి. కీర్తి కిరీటంలో కలికితురాయి అని పేపర్లో రోజూ చదువుతాం గానీ అసలు వస్తువు ఎలా ఉంటుందో నాకు 2006లో సాలార్‌జంగ్ మ్యూజియంలో నిజాం నగలు పెట్టినప్పుడే తెలిసింది. అమ్మ, నేను చాలాసేపు లైన్లో నిలబడి వెళ్లాం, అందరూ జేకబ్ డైమండ్ దగ్గర తోసుకుంటున్నారు (184.75 క్యారెట్లు మరి, ఇప్పుడున్న కోహినూర్ 105.6 క్యారెట్లే), అమ్మ మాత్రం సర్పేచ్‌ల దగ్గరే ఆగిపోయింది. ఆ 173 నగల్నీ భారత ప్రభుత్వం 1995లో 218 కోట్లకి కొనబట్టి గానీ లేకపోతే అవి కూడా దేశం దాటి చెల్లాచెదురయ్యేవి.

సరే టియారా సంగతికి వస్తా. 1947 నవంబర్ 20న ఎలిజబెత్ పెళ్లి. అప్పటికి ఆమె యువరాణి. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ తన ఖజానాలోంచి ఏదో ఒకటి తీసి పంపలేదు, లండన్‌లో కార్టియే షాపుకి చెప్పి పెళ్లికూతురికి నచ్చింది ఆమెనే ఎంచుకోమన్నారు. ఆమె ఒక టియారా, ఒక నెక్లెస్ తీసుకుంది. టియారా మీద మూడు వజ్రాల గులాబీలు, ఒకటి పెద్దది రెండు చిన్నవి, వాటిని ఊడదీసి బ్రోచ్‌లుగా విడిగా కూడా పెట్టుకోవచ్చు.

ఆ తేదీ ఒకసారి ఆలోచించండి. అప్పటికి హైదరాబాద్ సంస్థానం ఇండియాలో కలవలేదు, ఉన్నది ఉన్నట్టే కొనసాగాలని ఇండియాతో చేసుకున్న యథాతథ ఒప్పందం మీద సంతకం అయింది నవంబర్ 29న, అంటే పెళ్లయిన తొమ్మిది రోజులకి. పల్లెల్లో రైతులు వెట్టికీ దొరలకీ ఎదురు తిరిగి పోరాడుతున్నారు, రజాకార్లు ఊళ్ల మీద పడుతున్నారు. ఇంకో ఏడాది తిరక్కుండానే 1948 సెప్టెంబర్‌లో ఇండియన్ ఆర్మీ వచ్చింది. బ్రిటిష్ వాళ్లు నిజాంకి ఫెయిత్‌ఫుల్ అలై అంటే నమ్మకమైన మిత్రుడు అని బిరుదిచ్చారు గానీ అవసరమొచ్చినప్పుడు ఆ మిత్రత్వం ఎందుకూ పనికిరాలేదు. ఆ నగ ఎంత అందంగా ఉన్నా దాని వెనక డబ్బు మన రైతుల శిస్తుల్లోంచి వచ్చిందే కదా అని నాకు ప్రతిసారీ మనసు చివుక్కుమంటుంది.

తర్వాత 1973లో ఆ టియారాని విప్పేశారు. బర్మా ప్రజలు అదే పెళ్లికి 96 కెంపులు ఇచ్చారు, మనిషికి వచ్చే 96 రోగాల నుంచి కాపాడతాయని అక్కడి నమ్మకం. ఆ కెంపులకి ఈ టియారాలోని వజ్రాలు కలిపి గారార్డ్ అనే లండన్ నగల కంపెనీ వాళ్ల చేత కొత్త టియారా చేయించారు, అదే బర్మీస్ రూబీ టియారా. 2019లో ట్రంప్‌కి ఇచ్చిన విందులో రాణి పెట్టుకున్నది అదే. నెక్లెస్ మాత్రం బతికింది, 2014లో రాణి మనవడు విలియం భార్య కేట్ పెట్టుకుంది.

టియారాగా అది ఉన్నది 26 ఏళ్లు. ఇంతా చేసి వాళ్లని తప్పు పట్టాలనిపించట్లేదు, ఎందుకంటే మా ఇంట్లో జరిగిందీ అదే. అక్క పెళ్లికి అమ్మమ్మ కాసులపేరు కరిగించి గాజులు చేయించారు, ఫ్యాషన్ కాదని, బరువెక్కువని, తరుగు పోయినా పర్లేదని. అమ్మ ఒక్క కాసు మాత్రం ఇవ్వనని పట్టుబట్టి ఆపుకుంది, అది ఇప్పటికీ బీరువాలో దూదిలో చుట్టి ఉంది. లండన్‌లో కూడా ఎవరో ఒకరు ఆ మూడు గులాబీల దగ్గర అలాగే చెయ్యి అడ్డం పెట్టి ఉంటారని ఊహించుకుంటే నాకు బాగుంది, వాటిని విప్పలేదు, రాణి దశాబ్దాల పాటు బ్రోచ్‌లుగా పెట్టుకుంది.

ఆ గులాబీల్ని ఒక్కసారైనా హైదరాబాద్ తెచ్చి సాలార్‌జంగ్‌లో సర్పేచ్‌ల పక్కన పెడితే చూడాలని ఉంది. ఆ లైన్ ఎంత పొడుగున్నా సరే, అమ్మని తీసుకుని వెళ్తా.