బిల్లు మా ఆయన పేరు మీద, పీసీ నాది

నిన్న రాత్రి పదకొండున్నరకి, నేను డబ్బు కట్టిన గ్రాఫిక్స్ కార్డు (గేముల బొమ్మలు గీసే భాగం) నా పీసీలోకి వచ్చింది. కోపం చల్లారకముందే రాసేద్దామని కూర్చున్నాను. రెండు రోజులాగితే ‘పోన్లే’ అనేసుకుంటాను, నా సంగతి నాకు తెలుసు.

మాది గుంటూరు, బ్రాడీపేట. మా ఆయన మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్లో లెక్కలు చూస్తారు. నేను ఇంట్లోంచే సాఫ్ట్‌వేర్ పని చేస్తాను. ఈ ఇంట్లో గేములు ఆడేది నేనొక్కదాన్నే. ఇంజనీరింగ్ హాస్టల్లో గది నుంచి గదికి కేబుల్ లాగి, తుపాకుల గేము కౌంటర్ స్ట్రైక్ 1.6 ఆడిన బ్యాచ్ మాది. గొప్ప చెప్పుకోవడం కాదు గానీ (సరే, గొప్పే), నా చేతిలో ఏడబ్ల్యూపీ (అందులోని స్నైపర్ తుపాకి) ఉందంటే ఆ సందులోకి తల పెట్టేవాళ్లు కాదు.

పీసీ కొనాలా, పీఎస్5 (టీవీకి తగిలించే సోనీ గేమింగ్ కన్సోల్) కొనాలా అన్నది అసలు మొదటి గొడవ. దానికి జవాబు మా మరిది పుణ్యమా అని దొరికింది. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి వస్తూ తన పీఎస్5 తెచ్చి, ‘రెండు నెలలు ఊళ్లో ఉండను, వాడుకో వదినా’ అని వదిలి వెళ్లాడు. 2021 ఫిబ్రవరిలో మన దేశంలో అమ్మకాలు మొదలైనప్పుడు 49,990 పెట్టి కొన్నది. రెండు నెలలు వాడాను కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను: సుఖం కావాలంటే అదే. టీవీకి తగిలించు, బటన్ నొక్కు, ఆడు. డ్రైవర్లు లేవు, సెట్టింగులు లేవు. గేము డిస్కు కొని, ఆడేసి, మళ్లీ అమ్ముకోవచ్చు. మా మరిది ఒక్కో డిస్కూ నలుగురి చేతులు మారుస్తాడు. పీసీ గేములమ్మే ఆన్‌లైన్ కొట్టు స్టీమ్‌లో కొన్న గేము అలా అమ్మడానికి వీల్లేదు.

ఇబ్బందులూ ఉన్నాయి. కొన్న గేమునే ఆన్‌లైన్లో పదిమందితో ఆడాలంటే, ఉచిత గేములు తప్ప, చందా కట్టాలి. మా మరిది కొన్న మోడల్ డబ్బా మీద 825 జీబీ అని ఉంటుంది, గేములు వేసుకోవడానికి చేతికొచ్చేది 667. నాలుగు పెద్ద గేములు వేసేసరికి ఏది తీసేద్దామా అని లెక్కలు మొదలు. కరెంటు పోయి ఠక్కున ఆగిపోతే, మళ్లీ వేసినప్పుడు ‘నన్ను సరిగ్గా ఆపలేదు’ అని అలుగుతుంది. అన్నిటికన్నా పెద్దది టీవీ. అది హాల్లో ఉంటుంది. సాయంత్రం ఆరున్నర నుంచి హాలు అత్తయ్యది. పాపం ఆవిడ ఏమీ అనేవారు కాదు, రిమోట్ ఒళ్లో పెట్టుకుని కూర్చుని, ‘ఆ రాక్షసుడు చచ్చాక చెప్పమ్మా, సీరియల్ పెట్టుకుంటా’ అనేవారు. ఆ రాక్షసుడు చావడానికి నాకు నాలుగు సాయంత్రాలు పట్టింది.

కాబట్టి పీసీ అనుకున్నాను. నా ఆఫీసు స్నేహితులు రాత్రిళ్లు వాలరెంట్ అనే జట్టు షూటింగ్ గేము ఆడతారు, అందరూ పీసీలోనే. కన్సోల్‌లో కూడా ఆ గేము 2024లో వచ్చింది గానీ, అక్కడివాళ్లూ ఇక్కడివాళ్లూ కలిసి ఆడలేరు. పైగా 3డీ బొమ్మలు చేసే బ్లెండర్ సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటున్నాను, దానికి ఎన్‌విడియా కంపెనీ కార్డే నయం. నేను కార్డుకి పెట్టిన డబ్బుకి ఏఎండీ వాళ్ల ఆర్ఎక్స్ 6600 వచ్చేది కదా, గేములకి ఇంకా వేగం కదా అనేవాళ్లకి నా జవాబు అదే. స్టీమ్‌లో గేము నచ్చకపోతే కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటలకి మించి ఆడకుండా ఉంటే డబ్బు వెనక్కిస్తారు. నేను రెండుసార్లు తీసుకున్నాను. పీఎస్ స్టోర్లో డౌన్‌లోడ్ మొదలుపెడితే మామూలుగా అంతే సంగతులు.

ఒక నిజం ఒప్పుకోవాలి. నేను పెట్టిన 70 వేల పీసీ, బొమ్మల విషయంలో ఆ 50 వేల పెట్టె కన్నా వెనకే. తెలిసే కొన్నాను. మా మరిదికి మాత్రం ఇదే పండగ. ‘జీటీఏ 6 ప్రకటించినప్పుడు కన్సోళ్ల పేర్లే చెప్పారు వదినా, నీ పీసీకి ఎప్పుడో’ అంటాడు. జీటీఏ 5 కూడా 2013లో కన్సోళ్లకి వచ్చి, 2015లో గానీ పీసీకి రాలేదు. ఆగుతాను. నేను ఆగగలిగిన మనిషినే, కార్డు కోసం ఆగిన ఈ పద్దెనిమిది రోజుల్లో రుజువైంది.

భాగాలు ఎంచుకోవడానికి పది రోజులు పట్టింది, అది ఆనందమే. ఐ5 12400ఎఫ్ ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 1 టీబీ ఎస్ఎస్‌డీ, 650 వాట్ల పవర్ సప్లై, 24 అంగుళాల 165 హెర్ట్జ్ (సెకనుకి 165 సార్లు బొమ్మ మార్చే) మానిటర్. అసలైనది గ్రాఫిక్స్ కార్డు: ఎన్‌విడియా ఆర్టీఎక్స్ 3050, 8 జీబీ మెమరీ ఉన్నది. విజయవాడ గవర్నర్‌పేటలో ఒక షాపు. పేరు రాయను, రాస్తే మళ్లీ అదో తలనొప్పి.

ఆదివారం కారు నడపడానికి మా ఆయన వచ్చారు. మెట్లెక్కగానే కౌంటర్లో ఆయన ‘చెప్పండి సర్’ అన్నాడు. నేను చెప్పాను. ఆయన మా ఆయన వైపు చూస్తూ జవాబిచ్చాడు. ‘బాబుకా సర్?’ అని అడిగాడు. మాకున్నది రెండేళ్ల పాప. ‘ఆవిడకే’ అన్నారు మా ఆయన. కుర్రాడొకడు లోపలి నుంచి ‘అక్కకంట’ అని ఇంకొకడికి చెప్పడం వినపడింది. నవ్వి ఊరుకున్నాను. కొనే హడావుడిలో ఉన్నప్పుడు అవమానాలు చిన్నగా కనపడతాయి.

కొటేషన్ కాగితం మీద ‘3050 – 1 – 21,500’ అని రాశాడు. జీఎస్టీ లేకుండా అయితే తగ్గుతుంది అన్నాడు, వద్దు బిల్లు కావాలి అన్నాను. అంతవరకూ తెలివిగానే ఉన్నాను. నేను క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి నా ఖాతాలోంచి 70,400 పంపుతుండగా, అటు కంప్యూటర్లో ఆయన మా ఆయన్ని పేరడిగి కొట్టేశాడు. నేను చూడలేదు. చూసినా ఏమంటాను? మొగుడే కదా. అక్కడ పడింది మొదటి దెబ్బ. రెండోది, భాగాల డబ్బాలు. ‘డబ్బాలెందుకు మేడం, చెత్త, కారులో పట్టవు’ అన్నాడు. నన్ను చూసి మాట్లాడిన మొదటి మాట అదే. మానిటర్ డబ్బా, క్యాబినెట్ డబ్బా ఇచ్చి మిగతావి ఉంచుకున్నాడు. ఎన్ని పనులున్నా, కారులో మీకు చోటు లేకపోయినా, డబ్బాలన్నీ తెచ్చుకోండి. కార్డు డబ్బా మీదే 6 జీబీనా 8 జీబీనా అచ్చేసి ఉంటుంది.

ఇంటికొచ్చాక పెద్ద కష్టమేం లేదు. షాపువాళ్లు వేసిన దొంగ విండోస్ తీసేసి అసలుది వేశాను. మానిటర్ 60 హెర్ట్జ్‌లో నడుస్తుంటే సెట్టింగుల్లో 165 చేశాను. వాలరెంట్ సెక్యూర్ బూట్ అనే భద్రతా సెట్టింగు పెట్టమని పేచీ పెడితే బయోస్‌లోకి (విండోస్ కన్నా ముందు వచ్చే సెట్టింగుల్లోకి) వెళ్లి పెట్టాను, అరగంట.

మూడో రోజు ఒక గేములో బొమ్మల నాణ్యత పెంచుతుంటే, మెమరీ గీత పక్కన 6 అని కనపడింది. టాస్క్ మేనేజర్ తెరిచాను. అక్కడా 6.0 జీబీ. సరే, చూపించడంలో తేడా అనుకుని క్యాబినెట్ పక్క అద్దం విప్పాను. కార్డుకి పవర్ సప్లై నుంచి రావాల్సిన వైరు లేదు. వైరు పెట్టడం మర్చిపోయారేమో అని టార్చి వేసి చూస్తే, అసలు పెట్టడానికి చోటే లేదు. కడుపులో దిగినట్టయింది.

తెలియనివాళ్లకి చెబుతాను. 3050 పేరుతో రెండు కార్డులున్నాయి. 2022లో వచ్చిన 8 జీబీదానికి 2,560 కోర్లు (లెక్కలు చేసే చిన్న యూనిట్లు), మెమరీకి 128 బిట్ల దారి, 130 వాట్లు. మదర్‌బోర్డు మీద కార్డు గుచ్చే స్లాటు ఇవ్వగలిగింది 75 వాట్లే కాబట్టి దానికి విడిగా వైరు కావాలి. 2024లో వచ్చిన 6 జీబీదానికి 2,304 కోర్లు, 96 బిట్లు, 70 వాట్లు. స్లాటుతోనే సరిపోతుంది, అందుకే చాలావాటికి వైరు ఉండదు. ధరలో మూడు నాలుగు వేల తేడా. పేరు మాత్రం అదే 3050. ఆ కాగితం మీద జీబీ ఎందుకు రాయలేదో అప్పుడర్థమైంది.

రాత్రి మా ఆయనకి చెప్తే, ‘తేజ రకం మిర్చి అని చెప్పి అడుగున తాలు కాయలు కలిపినట్టా?’ అన్నారు.

‘కలపడం కాదండీ, టిక్కీ (మిర్చి బస్తా) మొత్తం వేరే రకం.’

‘మూట విప్పి చూడకుండా కాటా వేయించావా?’

ఆ మాటకి రెండు గంటలు మాట్లాడలేదు నేను.

షాపుకి వాట్సాప్ చేశాను. మూడు రోజులు నీలం టిక్కులే. నాలుగో రోజు ‘రెండూ 3050యే మేడం’ అని వచ్చింది. ఇంక లాభం లేదని కార్డు ఊడదీశాను. డబ్బా లేదుగా, అందుకని పాత కాటన్ తువ్వాల్లో చుట్టి, సంక్రాంతికి అమ్మ అరిసెలు పెట్టి పంపిన ప్లాస్టిక్ డబ్బాలో పెట్టుకుని, పాపని అత్తయ్యకి అప్పజెప్పి బస్సెక్కాను. పండిట్ నెహ్రూ బస్టాండులో దిగి ఆటో.

గంటన్నర నిలబడ్డాను. కూర్చోమని ఎవరూ అనలేదు. డబ్బా కౌంటర్ మీద పెడితే, కుర్రాడు మూత తీసి వాసన చూసి ‘నెయ్యి వాసనొస్తోందక్కా’ అన్నాడు. అందరూ నవ్వారు. నిజమే, వస్తోంది. 21,500 పెట్టి కొన్న వస్తువు అరిసెల డబ్బాలో తేవాల్సిన ఖర్మ ఎవరివల్ల పట్టిందో మాత్రం ఎవరికీ గుర్తు లేదు.

టాస్క్ మేనేజర్ ఫోటో చూపించాను. ‘ఆ సాఫ్ట్‌వేర్లు తప్పు చూపిస్తాయి మేడం.’ వైరు చోటు లేదని చూపించాను. ‘కొత్త మోడల్ మేడం, కరెంటు తక్కువ లాగుద్ది, మీకే మంచిది.’ కోర్ల లెక్క చెప్పాను. అప్పుడు తల ఎత్తి, ‘ఇంతకీ ఏం గేములాడతారు మేడం? క్యాండీ క్రషా?’ అన్నాడు. దానికి ఆన్‌బోర్డు (ప్రాసెసర్లోనే ఉండే గ్రాఫిక్స్) కూడా చాలు అని ఓ ఉచిత సలహా. నేను కొన్న ప్రాసెసర్ పేరు చివర ‘ఎఫ్’ ఉంది, దాంట్లో గ్రాఫిక్స్ ఉండనే ఉండదు. అమ్మినాయనకి ఆ ముక్క తెలియదా? తెలుసు. నాకు తెలియదనుకున్నాడు.

గొంతు కొంచెం లేచింది నాది. వెంటనే బిల్లు తిప్పి చూపించాడు. ‘బిల్లు సర్ పేరు మీదుంది. ఏదైనా సర్‌తో మాట్లాడతాం. సర్‌ని పంపండి.’ డబ్బు నా ఖాతాలోంచి వచ్చిందని ఫోన్లో చూపించాను. ‘ఎవరైనా పంపొచ్చు మేడం, బిల్లు ముఖ్యం’ అన్నాడు. పక్కన మౌస్ ప్యాడ్ కొంటున్న కాలేజీ పిల్లాడు నా వైపు జాలిగా చూశాడు. అన్నిటికన్నా అది ఎక్కువ గుచ్చుకుంది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చేద్దామని నంబర్ నొక్కి, వినియోగదారు ఎవరంటే ఏం చెప్పాలి, బిల్లు ప్రకారం నేను కాదుగా అని ఆపేశాను. ఇప్పుడాలోచిస్తే చేయాల్సింది. బస్సులో కాజా టోల్ గేటు దాటేదాకా కళ్లు తుడుచుకుంటూనే ఉన్నాను. కార్డు కోసం కాదు.

మిర్చి సీజన్లో యార్డు వదిలి రావడమంటే మా ఆయనకి మాటలు కాదు. ఇంకో వారం ఆగి నిన్న సాయంత్రం వచ్చారు. దారంతా నేను చదివించాను: 128 బిట్లు, 2,560, వైరు. షాపులో మా ఆయన చెప్పింది రెండే ముక్కలు. ‘నాకు కాయలు తెలుసు. ఇది తనకి తెలుసు, తను ఏం చెబితే అది చేయండి.’

పది నిమిషాలు. 8 జీబీ కార్డు డబ్బాతో సహా వచ్చింది, బిల్లు మీద సీరియల్ నంబరుతో సహా. సీల్ నేనే చింపాను, వైరు చోటు చూశాను, అప్పుడు లేచాను. ‘ముందే మీరొస్తే అయిపోయేది కదా సర్’ అన్నాడు షాపాయన, స్నేహంగా. మా ఆయన ఏమీ అనలేదు. కారెక్కాక నేనూ ఏమీ అనలేదు. ఆయన మీద కూడా కోపం వచ్చింది, అన్యాయమే, అయినా వచ్చింది. నేను గంటన్నర చెప్పిన దాంట్లో ఒక్క అంకె కూడా ఆయన పలకలేదు మరి.

పీసీనా కన్సోలా అని నన్నడిగేవాళ్లు ఎఫ్‌పీఎస్ (సెకనుకి ఎన్ని బొమ్మలు వస్తాయో) అడుగుతారు, ధరలు అడుగుతారు. కన్సోల్ డబ్బా సీలుతో వస్తుంది, లోపల ఏముందో అందరికీ ఒకటే. పీసీ అయితే తొమ్మిది వస్తువులు, తొమ్మిది చోట్ల మోసానికి సందు. ఆ సందులు నాకు ఇప్పుడు బాగా తెలుసు. ఎవరైనా మా ఇంటికి కొటేషన్ తెస్తే చూసిపెడతాను, టీ కూడా ఇస్తాను. కొనడానికి వెళ్లేటప్పుడు మాత్రం బిల్లు మీ పేరు మీద రాయించుకోండి. అమ్మాయిలైతే ముందు అదే చెప్పండి, మిగతాది తర్వాత.

ఇందాక పొద్దున మా ఆయన ఫోన్‌కి షాపు నుంచి మెసేజ్ వచ్చింది: ‘సర్, మా సర్వీస్ నచ్చితే 5 స్టార్స్ ఇవ్వగలరు.’ ఆయన దాన్ని నాకు పంపి, కింద ఒక మిరపకాయ బొమ్మ పెట్టారు.