ఎడమ చేయే కదా అన్నారు

మా అమ్మాయి చేయి విషయంలో కేసు వేయాలా వద్దా అన్న ప్రశ్న మా ఇంట్లో ఏడాదికి పైగా నలిగింది. చివరికి వేశాం. ఫిర్యాదు గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఉంది. భయం తగ్గింది, చేయి కొంత దారికి వచ్చింది కాబట్టి ఇప్పుడు రాయగలుగుతున్నాను. ఆ ఆసుపత్రి పేరు, డాక్టరు పేరు ఇక్కడ చెప్పను. అవి ఉండవలసిన చోట, ఫిర్యాదులో ఉన్నాయి.

పాపకు అప్పుడు ఆరేళ్లు. తెనాలిలో మా ఇంటి దగ్గరి పార్కులో ఉయ్యాల మీద నుంచి పడింది. ఎడమ మోచేతికి కాస్త పైన ఎముక విరిగింది. పసిపిల్లలకు మోచేతి దగ్గర విరిగే ఎముకల్లో ఇదే ఎక్కువట. దగ్గరలోని ప్రైవేటు ఆసుపత్రిలో ఆ సాయంత్రమే మత్తు ఇచ్చి ఎముక సరిచేశారు, తీగలు గుచ్చి పిండికట్టు వేశారు. డాక్టరు బయటికి వచ్చి "ఎముక బాగా కూర్చుంది" అంటే చేతులెత్తి దండం పెట్టాం.

రాత్రి పది దాటాక ఏడుపు మొదలైంది. మత్తు దిగుతోందేమో అనుకున్నాం. నొప్పికి ఇంజెక్షన్ ఇచ్చారు. కాసేపైనా కుదుట పడలేదు. మళ్లీ ఇచ్చారు. పడి దెబ్బ తగిలినప్పుడు నా బిడ్డ ఎలా ఏడుస్తుందో నాకు తెలుసు. ఇది ఆ ఏడుపు కాదు. నా మొహం చూడటం లేదు, దుప్పటి తన్నేస్తోంది, "కట్టు తీసెయ్యమ్మా, కట్టు తీసెయ్యి" అని అదే మాట. కట్టు చివర కనిపించే వేళ్లు ఉబ్బి, లోపలికి ముడుచుకుని ఉన్నాయి. ఒక్క వేలు మెల్లగా చాపబోయాను. అప్పుడు అది పెట్టిన కేకకు పక్క గదుల వాళ్లు లేచి వచ్చారు.

డ్యూటీలో ఉన్న నర్సు చాలా చిన్న వయసు పిల్ల. వచ్చి వేళ్లు తాకింది, గోరు నొక్కి వదిలి చూసింది, వెంటనే డాక్టరుకు ఫోను చేసింది. ఆ నిశ్శబ్దంలో ఆయన మాటలు పక్కనే నిలబడిన నాకూ వినిపించాయి. "విరిగిన చేయికి నొప్పి ఉండదా? నాడి అందుతోందా? అందుతోంది కదా! పిల్లకన్నా తల్లి కంగారే ఎక్కువగా ఉంది. పొద్దున చూస్తాను." రెండోసారి చేస్తే విసుక్కున్నారు. మూడోసారి ఫోను ఎత్తలేదు.

కట్టు కోసేయమని ఆ అమ్మాయి చేతులు పట్టుకున్నాను. "నాకు ఆ అధికారం లేదమ్మా" అంది, కళ్లలో నీళ్లతో. అటూ ఇటూ తిరిగి మళ్లీ వచ్చి, మావారికి మాత్రమే వినపడేలా చెప్పింది: "తెల్లవారేదాకా ఆగకండి సార్, గుంటూరు తీసుకెళ్లిపోండి." మావారు స్నేహితుడి కారు తెప్పించారు. బయలుదేరబోతుంటే కౌంటరు దగ్గర ఆపి, వైద్యుల సలహాకు విరుద్ధంగా మా ఇష్టం మీదే తీసుకెళ్తున్నామని రాసిన కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. నారాకోడూరు దాటాక పాప ఏడుపు ఆపేసింది. ఏడుస్తున్నంతసేపూ లేని భయం అప్పుడు పట్టుకుంది నాకు.

గుంటూరులో ఎముకల డాక్టరు పాపను చూసీ చూడగానే అత్యవసర విభాగంలోనే కట్టు కోసేశారు. తరువాత ఆపరేషన్, తెరిచి ఉంచిన గాయం, తొడ నుంచి తీసి వేసిన చర్మం. ఆ రోజులన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. ఆ డాక్టరు మాత్రం నా మనసులో చెరగరు. తీరిక చేసుకుని, కాగితం మీద బొమ్మ గీసి మాకు చెప్పారు. ముంజేతి కండరాలు గట్టి పొరలో ఇమిడి ఉంటాయి. లోపల వాపు పెరిగి, పైన కట్టు బిగుసుకుంటే రక్తం కండరానికి అందదు. ఆరు గంటలు అలా గడిస్తే కండరం చచ్చిపోవడం మొదలవుతుంది. దాన్ని కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ అంటారు. మణికట్టు దగ్గర నాడి అందుతూనే ఉన్నా లోపల ఇది జరగవచ్చు. పసిపిల్లలు ఫలానా చోట, ఫలానా రకం నొప్పి అని చెప్పలేరు కాబట్టి వాళ్ల ఆందోళన, అస్థిమితం, మందు ఇచ్చినకొద్దీ ఇంకా కావలసి రావడం, ఈ మూడింటినీ గుర్తులుగా చూడాలి. మా పాపలో మూడూ ఉన్నాయి. బిగుతు కట్ల తరువాత వేళ్లు ఇలా ముడుచుకుపోవడం గురించి జర్మన్ సర్జన్ ఫోల్క్‌మాన్ 1881లోనే రాశారు. అంత పాత సంగతికి ఆ రాత్రి మా బిడ్డ దగ్గర విలువ లేకపోయింది.

పుత్తూరు తీసుకెళ్లి కట్టు కట్టించి ఉంటే ఇదంతా ఉండేది కాదని మా బంధువులు కొందరు ఇప్పటికీ అంటారు. కట్టు ఎవరు కట్టినా, బిగిస్తే ప్రమాదం ఒక్కటే. వేళ్లు చాపితే బిడ్డ కేక పెడుతోందంటే ఎవరి మాటా వినకండి, ఆ గంటలోనే కట్టు వదులు చేయించండి. ఇది చదివేవాళ్లు ఇంకేమీ గుర్తు పెట్టుకోకపోయినా ఇదొక్కటి గుర్తు పెట్టుకోండి.

చేయి దక్కింది. కొన్ని కండరాలు దక్కలేదు. రాత్రిళ్లు చేతికి స్ప్లింట్, పొద్దునా సాయంత్రమూ వ్యాయామం. మొదటి నెలల్లో పిడికిలి విప్పడమే గగనం. ఇప్పుడు గ్లాసు పట్టుకుంటుంది, పుస్తకం కదలకుండా ఆనించి పెట్టుకుంటుంది. జడ అల్లుకోలేదు, గుండీలు పెట్టుకోవడానికి చాలాసేపు అవస్థ పడుతుంది. ఎదిగాక స్నాయువులకు మరో ఆపరేషన్ అవసరం కావచ్చన్నారు.

మొదటి డాక్టరు దగ్గరికి మావారు, నేను వెళ్లాం. గొడవకు కాదు. ఏం జరిగిందో ఆయన నోటితో వినాలని. ఆయన కుర్చీలోంచి లేవకుండానే "చేయి దక్కింది కదమ్మా, సంతోషించండి. పైగా ఎడమ చేయే కదా" అన్నారు. అంతవరకు నాలో ఉన్నది దుఃఖం. ఆ మాటతో కోపం వచ్చింది. ఇంతవరకు తగ్గలేదు. క్షమించండి అన్న ఒక్క మాట ఆ రోజు ఆయన అని ఉంటే కేసు ఆలోచనే వచ్చేది కాదేమో.

అయినా వెంటనే కేసు వేయలేదు. మామయ్యగారు "ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడ్చాడు" అన్న సామెత చెప్పారు. అత్తయ్య వైకుంఠపురం వెంకటేశ్వరస్వామికి మొక్కుకున్నారు, లెక్క ఆయనే చూసుకుంటాడన్నారు. నేనూ ఆ గుడికి వెళ్తాను, చేయి బాగు చేయమనే అడుగుతాను. కానీ ఫోను ఎత్తని మనిషి చేత జవాబు చెప్పించే పని దేవుడి మీద పెట్టి ఊరుకోవడం నాకు చేతకాలేదు.

అసలు చిక్కు వేరే ఉంది. పరిహారం అడగాలంటే శాశ్వత వైకల్యం ఎంత శాతమో కాగితం మీద చూపాలి. అంటే సదరం శిబిరానికి పిల్లను తీసుకెళ్లాలి. రోజూ పొద్దున "చూడు, నిన్నటికన్నా ఈ రోజు వేలు ఎక్కువ తెరుచుకుంది" అని పిల్లకు చెప్పే నోటితోనే, ఆ చేయి ఇక ఇంతేనని రాసివ్వండి అని డాక్టర్ల ముందు ఎలా అడగను? అత్తయ్య ఇంకో మాట అన్నారు. "అమ్మాయ్, ఆడపిల్ల. ఆ ముద్ర కాగితం మీద పడితే రేపు సంబంధాలు చూసేటప్పుడు ఏం చెబుతాం?" ఆవిడ మీద కోపం తెచ్చుకోలేను, ఆసుపత్రిలో రాత్రంతా నాతో పాటు నేల మీద పడుకున్న మనిషి. కానీ ఆ మచ్చ కాగితం మీద కాదు, చేతి మీద ఉంది. మోచేతి నుంచి మణికట్టు దాకా ఉంది. దాచిపెడితే పిల్లకు సిగ్గు నేర్పినట్టే అవుతుంది.

రెండో చిక్కు ఆ నర్సు. కేసు వేస్తే ఆసుపత్రి వాళ్లు మొదట ఆ అమ్మాయినే ముందుకు తోస్తారని నా భయం. నా బిడ్డకు చేయి మిగిల్చింది తను. తన ఉద్యోగం పోవడానికి నేను కారణం కాకూడదు.

ఈ ముడి వైద్య రికార్డులు విప్పాయి. అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నిబంధనల్లో ఉంది. న్యాయవాది చెప్పినట్టు రాతపూర్వకంగా అడిగాం. కొంత తిప్పుకున్నా ఇచ్చారు. అందులో నర్సులు రాసే పేజీలో ఆ అమ్మాయి గుండ్రటి చేతిరాత కనిపించింది. వేళ్లు చల్లగా ఉన్నాయి, చాపితే తీవ్రమైన నొప్పి, డాక్టరుగారికి ఫోనులో తెలిపాను. పక్కనే సమయం. కింద మళ్లీ అదే, మరో సమయంతో. తన పని తను రాతపూర్వకంగా చేసి పెట్టింది. ఆ పేజీ ఆమెను కాపాడుతుంది, మమ్మల్నీ నిలబెడుతుంది. ఆమె అప్పటికే వేరే ఊళ్లో ఉద్యోగంలో చేరిందని తెలిసి ఇంకా ధైర్యం వచ్చింది. మావారూ నేనూ ఆ రోజే నిర్ణయించుకున్నాం.

పోలీసు కేసు వద్దనుకున్నాం. డాక్టరు మీద నేరం మోపాలంటే ఘోరమైన నిర్లక్ష్యం ఉండాలని సుప్రీంకోర్టు 2005లో చెప్పింది. ఆయనను జైలుకు పంపాలని మాకూ లేదు. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995 నుంచే ఉంది. పసివాడికి ఒక ఇంజెక్షన్‌కు బదులు మరొకటి ఇచ్చిన కేసులో, బిడ్డతో పాటు తల్లిదండ్రులూ పరిహారం అడగవచ్చని 1998లో సుప్రీంకోర్టు తేల్చింది. ప్రతి కేసులోనూ నిపుణుడి సాక్ష్యం తప్పనిసరి కాదని 2010లో తీర్పు వచ్చింది. అది హైదరాబాద్‌లో మలేరియా జ్వరానికి టైఫాయిడ్ మందులు వాడిన కేసు. అయినా మా న్యాయవాది నిపుణుడి అభిప్రాయం తెచ్చుకుందామనే అన్నారు, తెచ్చుకున్నాం.

గడువు రెండేళ్లు. బాధలో కాలం తెలియదు, ఆ గడువు జారిపోనివ్వకండి. వైద్యానికి కట్టిన సొమ్ము 5 లక్షల లోపు ఉంటే ఫిర్యాదుకు ఫీజు లేదు. న్యాయవాదికి ఇచ్చుకోలేనివాళ్లు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లవచ్చు. మహిళలకు, పిల్లలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత సాయం ఇవ్వాలని చట్టంలోనే ఉంది.

సదరం శిబిరానికి నేనే తీసుకెళ్లాను. ఎందుకు వెళ్తున్నామో పాపకు దాచకుండా చెప్పాను: "నీ చేయి ఇప్పుడు ఎంత పని చేస్తుందో రాస్తారు, అంతే. రేపు ఎంత చేస్తుందో మనం చూద్దాం." పరిహారం వస్తే అది పాప పేరున బ్యాంకులో ఉండాలని, వచ్చే ఆపరేషన్‌కు, వ్యాయామానికి తప్ప తీయకూడదని ఫిర్యాదులోనే కోరాం.

ఆసుపత్రి జవాబు వచ్చింది. మా ఇష్టం మీద తీసుకెళ్లామన్న ఆ సంతకమే వాళ్ల పెద్ద ఆధారం. తల్లి అనవసరంగా ఆందోళన చెందిందని కూడా రాశారు. మా తరఫున నర్సు రాసిన పేజీ నకలు జతచేశాం. విచారణ సాగుతోంది. వాయిదాకు నేనే వెళ్తున్నాను, పాపకు బడి మాన్పించడం లేదు.