‘పోయింది’ అన్న ఒక్క మాట

నేరశాస్త్రం చదువుతున్నానని చెప్పినప్పుడు నెల్లూరులో మా బంధువులందరూ నేను పోలీసు ఉద్యోగానికి సిద్ధమవుతున్నాననే అనుకున్నారు. చెన్నైలో ఇన్నేళ్లుగా ఇదే విషయం మీద పరిశోధన, బోధన చేస్తున్నా ఆ అపోహ పూర్తిగా తొలగలేదు. ఒక మనిషికి జరిగిన అన్యాయం ప్రభుత్వ కాగితం మీదికి ఏ రూపంలో ఎక్కుతుంది, ఎక్కే దారిలో ఏమేమి జారిపోతుంది అన్నదే నేను చూస్తున్న పని.

పీహెచ్‌డీ మొదటి సంవత్సరంలో నగర శివారులోని ఒక పోలీసు స్టేషనులో కూర్చుని ఉండగా, శ్రీకాకుళం నుంచి భవన నిర్మాణ పనికి వచ్చిన ఒక నడివయసు స్త్రీ ఫిర్యాదు చేయడానికి వచ్చింది. ఆమెకు తమిళం రాదు, ఫిర్యాదులు రాసుకునే స్టేషన్ రైటరుకు తెలుగు రాదు కనుక నన్ను తమిళంలోకి మార్చి చెప్పమన్నారు. ‘నా పుస్తెలతాడు పోయింది బాబూ’ అని ఆమె అనగానే నేను తమిళంలో ‘కాణోం’ అన్నాను, అంటే కనిపించడం లేదని. ‘బండి మీదొచ్చి, తోసీసి లాక్కెలిపోనాడు’ అని ఆమె తరువాతి మాట అనేలోపే రైటరు వస్తువు పోగొట్టుకున్నట్టు రాయడం ముగించి, సీఎస్‌ఆర్ రసీదు చేతిలో పెట్టాడు. నేను సరిచేయబోతే రేపు రమ్మన్నాడు. రేపు రావడమంటే ఆమెకు ఒక రోజు కూలి వదులుకోవడమే. ఆమె మళ్లీ రాలేదు. జారి పడిపోయినదానికీ, దొంగ ఎత్తుకుపోయినదానికీ మనం ‘పోయింది’ అనే అంటామని తెలిసి కూడా నేను తొందరపడ్డాను. ఆ తప్పు నాది.

తమిళనాడు స్టేషన్లలో ఫిర్యాదు అందిందని ఇచ్చే రసీదును, దాన్ని నమోదు చేసే కమ్యూనిటీ సర్వీస్ రిజిస్టరు పేరు మీద, సీఎస్‌ఆర్ అంటారు. అది ఎఫ్‌ఐఆర్ కాదు. 1953 నుంచి ఏటా వెలువడుతున్న దేశవ్యాప్త నేర గణాంకాల నివేదిక ‘క్రైమ్ ఇన్ ఇండియా’లో నేరాల సంఖ్యగా మనం చదివేది ఎఫ్‌ఐఆర్‌గా నమోదైన వాటినే, ఒకే ఎఫ్‌ఐఆర్‌లో పలు నేరాలున్నా వాటిలో అన్నిటికన్నా తీవ్రమైనదొక్కటే లెక్కకు వస్తుంది. అందువల్ల కేసులు ఎక్కువగా కనిపించిన జిల్లాను నేరాల జిల్లాగా పత్రికలు చిత్రించినప్పుడు నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే అక్కడి రైటరు ఓపికగా విని రాసి ఉండవచ్చు.

కాగ్నిజబుల్ నేరం, అంటే వారెంటు లేకుండానే పోలీసులు అరెస్టు చేయగల నేరం, జరిగినట్టు ఫిర్యాదులో కనిపిస్తే ఎఫ్‌ఐఆర్ తప్పనిసరి అని లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు 2013లో తీర్పునిచ్చింది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో 2024 జూలై 1 నుంచి అమలవుతున్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 173వ సెక్షన్ మాత్రం, మూడేళ్లు మొదలుకొని ఏడేళ్లలోపు శిక్ష పడే నేరాల్లో డీఎస్పీ అనుమతితో కేసు నమోదు చేసే ముందే 14 రోజులలోగా ప్రాథమిక విచారణ జరపడానికి వీలు కల్పించింది. ఆ 14 రోజుల్లో ఎన్ని ఫిర్యాదులు రసీదు దగ్గరే ఆగిపోతాయో లెక్క తీయడం ఇప్పుడు ఈ రంగంలోకి వచ్చేవారి ముందున్న అత్యవసరమైన పని అని నా గట్టి అభిప్రాయం.

ఈ చదువుకు చెన్నై తగిన ఊరని నేను చెప్పడానికి ఇంకో కారణం 1855 నాటి మద్రాసు చిత్రహింసల విచారణ సంఘం నివేదిక. రెవెన్యూ ఉద్యోగులే పోలీసు అధికారం కూడా చెలాయించిన ఆ కాలంలో, శిస్తు రాబట్టడానికీ నేరం ఒప్పించడానికీ రైతుల వేళ్లను చెక్కల మధ్య పెట్టి నొక్కిన ‘కిట్టి’ గురించి అందులో వివరంగా రాశారు. తెలుగువారు దానిని ‘చీరట’ అంటారని కూడా చేర్చారు. ఆ ఇంగ్లీషు పేజీలో మన మాట ఎదురైనప్పుడు నేను చాలాసేపు ముందుకు చదవలేకపోయాను. పోలీసును రెవెన్యూ నుంచి విడదీసిన 1859 నాటి మద్రాసు చట్టానికీ, ఆ తరువాత వచ్చిన 1861 పోలీసు చట్టానికీ వెనుక ఉన్న కథలో ఈ నివేదికకు పెద్ద చోటుంది.

ఉద్యోగాలు తక్కువ. నేరశాస్త్ర శాఖలున్న విశ్వవిద్యాలయాలే కొద్ది, స్టేషనులో కూర్చోవడానికి అనుమతి పత్రం రావడానికి నెలలు పడుతుంది. అయినా వచ్చే విద్యార్థులకు నేను మొదట నోటుబుక్కు వాడకం నేర్పుతాను. కుడి పేజీలో స్టేషను రాసుకున్నది, ఎడమ పేజీలో ఫిర్యాదు చేసినవారు తమ భాషలో, తమ యాసలో, చివరి మాట దాకా చెప్పింది. ఎడమ పేజీ ఖాళీగా తెచ్చినవారిని మరునాడు మళ్లీ స్టేషనుకు పంపుతున్నాను.