జారిపోయిన ఉష్ణం లెక్క

థర్మామీటర్ చూపేది ఉష్ణోగ్రతను మాత్రమే. ఒక రసాయన చర్యలో ఎంత ఉష్ణం వెలువడిందో చెప్పాలంటే, దాన్ని గ్రహించిన ద్రవం ద్రవ్యరాశిని, విశిష్టోష్ణాన్ని (ఒక గ్రాము ఒక డిగ్రీ వేడెక్కడానికి కావలసిన ఉష్ణం), ఉష్ణోగ్రతలో వచ్చిన పెరుగుదలను గుణించాలి. పాఠ్యపుస్తకాలు సాధారణంగా ఇక్కడితో ఆగిపోతాయి. నా దృష్టిలో అసలు విషయం ఇక్కడే మొదలవుతుంది, ఎందుకంటే వెలువడిన ఉష్ణమంతా మనం కొలిచే ద్రవంలోనే నిలిచి ఉండదు. కొంత పాత్రలోకి, కొంత థర్మామీటర్‌లోకి, కొంత గాలిలోకి పోతుంది. ఆ పోయినదాని లెక్క తేల్చడమే ఉష్ణాన్ని కొలిచే విద్య అయిన కెలోరీమితికి ప్రాణమని నేను నమ్ముతాను.

ఆమ్లం, క్షారం కలిసి లవణం, నీరు ఏర్పడే తటస్థీకరణ ప్రయోగాన్నే తీసుకుందాం. 1 మోలార్ (లీటరుకు ఒక మోల్; మోల్ అంటే కణాల ఒక నిర్ణీత సంఖ్య) హైడ్రోక్లోరిక్ ఆమ్లం 50 మిల్లీలీటర్లు, అంతే గాఢత గల సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణం 50 మిల్లీలీటర్లు తీసుకుని, రెండూ ఒకే ఉష్ణోగ్రత వద్ద ఉన్నప్పుడు మూత ఉన్న థర్మోకోల్ కప్పులో కలపాలి. బలమైన ఆమ్లం, బలమైన క్షారం కలిసి ఒక మోల్ నీరు ఏర్పడితే సుమారు 57 కిలోజౌళ్లు వెలువడతాయి. ఇక్కడ ఏర్పడేది 0.05 మోల్ కాబట్టి వెలువడే ఉష్ణం దాదాపు 2,850 జౌళ్లు. సజల ద్రావణాన్ని నీటితో సమానంగా భావించి, 100 గ్రాములకు, గ్రాముకు డిగ్రీకి 4.18 జౌళ్ల చొప్పున లెక్కిస్తే, ఉష్ణోగ్రత 6.8 డిగ్రీలు పెరగాలి. ఇదే ప్రయోగాన్ని గాజు బీకరులో చేస్తే అంత పెరుగుదల కనిపించదు, ఎందుకంటే గాజు తానూ వేడెక్కుతుంది, పైగా ఆ వేడిని బయటికి పంపుతుంది. థర్మోకోల్ చాలా తేలిక, పైగా మంచి ఉష్ణబంధకం, కాబట్టి అది తీసుకునేది స్వల్పం.

అయినా కొంత నష్టం తప్పదు. ద్రావణం వేడెక్కుతున్నప్పుడే చల్లబడటమూ మొదలవుతుంది కాబట్టి, థర్మామీటర్ చూపిన గరిష్ఠ ఉష్ణోగ్రతనే లెక్కలో వేయడం సరికాదు. కలపడానికి ముందు కొన్ని నిమిషాలు, కలిపిన తరువాత మరికొన్ని నిమిషాలు, ప్రతి అర నిమిషానికీ రీడింగ్ రాసుకుని గ్రాఫ్ గీయాలి. శిఖరం దాటాక నెమ్మదిగా దిగే గీతను కలిపిన క్షణం వరకు వెనక్కి పొడిగిస్తే, ఉష్ణం ఏమాత్రం పోకుండా ఉంటే ద్రావణం ఎంత ఉష్ణోగ్రతకు చేరి ఉండేదో తెలుస్తుంది. తటస్థీకరణ క్షణాల్లో ముగిసిపోతుంది కనుక అక్కడ ఈ సవరణ చిన్నది. జింకు పొడిని కాపర్ సల్ఫేట్ ద్రావణంలో వేసినప్పుడు చర్య పూర్తికావడానికి కొన్ని నిమిషాలు పట్టవచ్చు కాబట్టి, సవరణ లేని ఫలితం గణనీయంగా తక్కువగా వస్తుంది. అమోనియం నైట్రేట్‌ను నీటిలో కరిగించినప్పుడు ద్రావణం చల్లబడి బయటి నుంచి ఉష్ణం లోపలికి వస్తుంది, కాబట్టి అక్కడ పైకి లేచే గీతను వెనక్కి పొడిగించాలి.

ఈ జాగ్రత్త ఎందుకో ఎసిటిక్ ఆమ్లం చక్కగా చూపిస్తుంది. అది బలహీన ఆమ్లం, పూర్తిగా అయనీకరణం చెందడానికి, అంటే అయనాలుగా విడిపోవడానికి, కొంత శక్తిని వాడుకుంటుంది, అందువల్ల దాని తటస్థీకరణోష్ణం మోల్‌కు సుమారు 55 కిలోజౌళ్లే. పై పరిమాణాలతో చేస్తే ఉష్ణోగ్రతలో ఈ తేడా దాదాపు 0.2 డిగ్రీలుగా మాత్రమే కనిపిస్తుంది. ఒక్కో డిగ్రీకి ఒక్కో గీత ఉన్న థర్మామీటర్‌తో బలమైన ఆమ్లానికీ బలహీన ఆమ్లానికీ ఉన్న ఈ భేదాన్ని పట్టుకోలేం.

ఫ్రెంచ్ శాస్త్రవేత్తలు లెవోయిజర్, లాప్లాస్ 1782–83 శీతాకాలంలో ఈ సమస్యను మరో దారిలో ఎదుర్కొన్నారు. వారు పరికరం లోపలి గదిలో వెలువడే ఉష్ణంతో దాని చుట్టూ ఉన్న మంచును కరగనిచ్చి, కారిన నీటిని తూచారు. గ్రాము మంచు కరగడానికి 334 జౌళ్లు కావాలి కాబట్టి, నీటి బరువు నుంచే ఉష్ణం తెలుస్తుంది. బయటి వేడి లోపలికి రాకుండా వారు పెట్టినది మరో మంచు పొర. రెండు పొరలూ సున్నా డిగ్రీల వద్దే ఉన్నప్పుడు వాటి మధ్య ఉష్ణం ప్రవహించదు. ఈ ఆలోచన నాకు ఇప్పటికీ అద్భుతంగా తోస్తుంది. అయితే కరిగిన నీరు కొంత మంచు ముక్కల మధ్యే చిక్కుకుని ఉండిపోయేది.

దహనోష్ణాలను, అంటే పదార్థాలు మండితే వెలువడే ఉష్ణాన్ని, కొలవడానికి వాడే బాంబ్ కెలోరీమీటర్‌లో, దాదాపు 30 అట్మాస్ఫియర్ల పీడనంతో ఆక్సిజన్ నింపిన ఉక్కు పాత్రను నీటిలో ముంచి, లోపలి నమూనాను విద్యుత్తుతో మండిస్తారు. ఉక్కు, నీరు, కలియబెట్టే సాధనం ఒక్కొక్కటి ఎంత ఉష్ణం తీసుకుంటాయో విడివిడిగా లెక్కించరు. దహనోష్ణం గ్రాముకు 26.4 కిలోజౌళ్లని కచ్చితంగా తెలిసిన బెంజోయిక్ ఆమ్లాన్ని ముందుగా మండించి, మొత్తం పరికరానికి డిగ్రీకి ఎన్ని జౌళ్లు కావాలో ఒకేసారి తేల్చుకుంటారు. ఘనపరిమాణం మారదు కాబట్టి నేరుగా వచ్చేది పదార్థం లోపలి శక్తి, అంటే ఆంతరిక శక్తిలోని మార్పు. వాయు మోల్‌ల సంఖ్యలో తేడాను బట్టి దాన్ని ఎంథాల్పీ మార్పుగా, అంటే స్థిర పీడనం వద్ద వెలువడే ఉష్ణంగా, మార్చుకోవాలి.

ఇంత శ్రమపడి సాధించిన అంకెల విలువ రసాయన శాస్త్రవేత్త హెస్ 1840లో ప్రకటించిన నియమంతో బాగా అర్థమవుతుంది: చర్య ఒకే దశలో జరిగినా, పలు దశల్లో జరిగినా వెలువడే మొత్తం ఉష్ణం ఒకటే. కార్బన్‌ను కార్బన్ మోనాక్సైడ్ దగ్గరే ఆగేలా శుభ్రంగా మండించడం కష్టం, కానీ కార్బన్ పూర్తిగా మండితే మోల్‌కు వచ్చే 393.5 కిలోజౌళ్ల నుంచి కార్బన్ మోనాక్సైడ్ మండితే వచ్చే 283.0 తీసివేస్తే, కావలసిన 110.5 దొరుకుతుంది. వజ్రం, గ్రాఫైట్‌ల విషయం ఇంకా సున్నితమైనది. వజ్రం మండితే మోల్‌కు 395.4 కిలోజౌళ్లు, గ్రాఫైట్ మండితే 393.5 వెలువడతాయి. గ్రాఫైట్ మరింత స్థిరమైనదని చెప్పేది ఆ 1.9 కిలోజౌళ్ల తేడాయే. ఒక్కో కొలతలో అర శాతం పొరపాటు దొర్లినా రెండింటిలో ఏది స్థిరమైనదో చెప్పలేకపోయేవాళ్లం.