శనివారం జర్నల్ క్లబ్

నెల్లూరు దగ్గర కాకుటూరులో మా పీజీ పిల్లలతో శనివారం మధ్యాహ్నాలు జర్నల్ క్లబ్ నడుపుతున్నాను. స్లైడ్లు ఉండవు. ఒక పరిశోధన పేపర్‌లోంచి ఏదో ఒక బొమ్మో, సూత్రమో తీసుకుని బోర్డు మీద విడమరిచి చెప్పాలి, అంతే.

ఈ వారం 1990లో వచ్చిన బ్లాస్ట్ పేపర్. మన దగ్గరున్న డీఎన్ఏ లేదా ప్రోటీన్ వరసకి పోలికున్నవాటిని డేటాబేస్‌లో వెతికిపెట్టే ప్రోగ్రామ్ అది. అందరూ వాడే టూలే, అసలు పేపర్ తెరిచి చూసినవాళ్లు మాత్రం లేరు. రొయ్యలకొచ్చే తెల్లమచ్చల వైరస్ జీన్ ఒకటి వెతికి చూపిస్తుంటే మైపాడు వైపు నుంచి వచ్చే అమ్మాయి ఆపింది. "సార్, స్కోర్ అదే కదా, పెద్ద డేటాబేస్‌లో వెతికితే ఈ-వాల్యూ ఎందుకు పెరిగింది?" వాళ్ల నాన్నకి రొయ్యల గుంటలున్నాయి, ఆ వైరస్ పేరు వింటేనే ఇంట్లో టెన్షన్.

నేను జవాబు చెప్పలేదు. వాళ్లే లెక్క కట్టారు. స్కోర్ అంటే రెండు వరసలు ఎంత బాగా కలిశాయో చెప్పే అంకె. అంత స్కోరు, లేదా అంతకంటే ఎక్కువ స్కోరు ఉన్న పోలికలు కేవలం కాకతాళీయంగా ఎన్ని దొరకొచ్చు అన్న అంచనాయే ఈ-వాల్యూ. వెతికే చోటు పదింతలైతే అదీ దాదాపు పదింతలవుతుంది. బెల్లు కొట్టాక కూడా బోర్డు దగ్గర్నుంచి ఎవరూ కదల్లేదు. ఎంత సంతోషమేసిందో!

ప్రోటీన్ల ఆకారాన్ని ఏఐతో అంచనా వేసే ఆల్ఫాఫోల్డ్ లాంటి కొత్తవి చదవొచ్చు కదా అంటారు కొందరు. తప్పకుండా చదువుతాం. పునాది గట్టిపడ్డాకే అది బాగా ఒంటబడుతుందని నా నమ్మకం. వచ్చే వారం 1981 నాటి స్మిత్-వాటర్‌మన్ పేపర్, రెండు వరసల్లో బాగా కలిసే భాగాలని కనిపెట్టే పద్ధతి మీద, మూడే పేజీలు. ఆ అమ్మాయే చెప్తానంది.