లైబ్రరీ ఎంచుకునే ముందు ఆ డెమో పేజీ మూసేయండి

తిరుపతిలో బస్టాండు చుట్టుపక్కల లాడ్జీలకు రూమ్ బుకింగ్ అప్లికేషన్లు రాసే కుర్రాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే, జావాలో స్క్రీన్లకు ఏ కాంపొనెంట్ లైబ్రరీ (టేబుళ్లు, బటన్ల లాంటివి రెడీగా ఇచ్చే కోడు) వాడాలి అన్నా అని. ప్రైమ్‌ఫేసెస్ తీసుకోవాలా, వాడిన్ (Vaadin) తీసుకోవాలా అన్నది తర్వాత. ముందు ఆ లైబ్రరీ ప్రాజెక్టు బతికుందో లేదో చూడండి. ఒకప్పుడు జేఎస్ఎఫ్ (జావాలో వెబ్ పేజీలు కట్టే పద్ధతి) అంటే చాలామంది రిచ్‌ఫేసెస్ వైపే వెళ్లేవాళ్లు, 2016లో దానికి సపోర్టు ఆగిపోయింది. 2020లో జకార్తా ఈఈ 9 (సర్వర్ వైపు జావా ప్రమాణాల వెర్షన్) వచ్చి ప్యాకేజీ పేర్లు జావాఎక్స్ నుంచి జకార్తాకు మారాయి, కాబట్టి పాత పేర్లతోనే ఉండిపోయిన లైబ్రరీ టామ్‌క్యాట్ 10 సర్వర్‌లో ఉన్నది ఉన్నట్టు నడవదు.

లైబ్రరీ వెబ్‌సైట్లో చూపించే డెమోలో పది వరసల టేబుల్ ఎప్పుడూ చక్కగానే ఉంటుంది. గరుడసేవ రోజు బుకింగులు, పాత ఏళ్లవి కూడా కలిపి అందులో పోసి చూడండి! ప్రైమ్‌ఫేసెస్ డేటాటేబుల్‌కి మామూలుగా లిస్టు ఇచ్చేస్తే, తెర మీద కనిపించేవి ఇరవై వరసలే అయినా లిస్టంతా సర్వర్ మెమరీలో కూర్చుంటుంది. లేజీ లోడింగ్ పెడితే కావాల్సిన పేజీ వరకే డేటాబేస్‌ని అడగొచ్చు.

లైసెన్సు మాత్రం దయచేసి చదవండి. రసీదు పీడీఎఫ్ కోసం ఐటెక్స్ట్ 5 లైబ్రరీ పెట్టారంటే అది ఏజీపీఎల్, అంటే మీ అప్లికేషన్ కోడు కూడా వాడేవాళ్లకు తెరిచి ఇవ్వమనే లైసెన్సు, ఆ షరతులు కుదరకపోతే కమర్షియల్ లైసెన్సు కొనాలి. లాడ్జీ ఓనరుకు ఆ ఖర్చు ముందే చెప్పాలి కదా. ఓపెన్‌పీడీఎఫ్ అనే ఇంకో పీడీఎఫ్ లైబ్రరీతో ఆ టెన్షన్ లేదు.

ఏది చేర్చినా మేవెన్‌లో (జావా లైబ్రరీలు తెచ్చిపెట్టే టూల్) డిపెండెన్సీ ట్రీ, అంటే ఏ లైబ్రరీ వెనకాల ఏవి వస్తున్నాయో చూపే జాబితా, తీసి చూడండి, 2021 డిసెంబరులో లాగ్‌ఫర్‌జే అనే లాగింగ్ లైబ్రరీలో భద్రతా లోపం బయటపడినప్పుడు చాలా ప్రాజెక్టుల్లో ఆ లైబ్రరీ ఇంకో లైబ్రరీ వెనకాలే లోపలికి వచ్చి ఉంది.